శుక్రవారం పారబోయని నీళ్ళు

పోయిన వారం మహిమను జగ్గయ్యపేటలో కిషోర్‌బాబు గారి గేటు దగ్గర, చేతిలో గోధుమరంగు కవరుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల ఎండలో అలాగే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్ళేముందు జరిగింది ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచీ జగ్గయ్యపేటను డెంగీ జ్వరాలు పట్టుకున్నాయి. అందరికంటే ముందు పడకేసింది కిషోర్‌బాబు గారి ఒక్కగానొక్క కూతురు యశస్విని. కార్తీకంలో పెళ్ళి కావలసిన పిల్ల. జ్వరం రావడానికి నాలుగు రోజుల ముందు ఆ అమ్మాయి హైదరాబాదు నుంచి కారులో వస్తూ, గరికపాడు చెక్‌పోస్టు పక్కన ఆదెమ్మ దాబాలో ఆగి రెండు పరోటాలు తింది. దాబా వెనక పాత లారీ టైర్ల గుట్ట ఉంది, టైర్లలో వాననీళ్ళున్నాయి. అదే వారంలో ఆదెమ్మకీ, అక్కడ ఆగిన ఇద్దరు లారీ డ్రైవర్లకీ కూడా జ్వరం తగిలింది. ఇంకేం కావాలి? ఊరి నోటికి పేరు దొరికింది. దాబా జ్వరం!

కిషోర్‌బాబు గారు మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని మాత్రమే కాదు, పట్టణ దోమల నిర్మూలన కమిటీకి అధ్యక్షులు కూడా. దాబాకు తాళం వేయించాలని కమిటీ చేత తీర్మానం చేయించారు. శనివారం పగలు పదకొండు గంటలకు ముహూర్తం. ఇరవై రెండేళ్ళుగా ఆ పొయ్యి మీదే బతుకుతున్న ఆదెమ్మ లబోదిబోమంది. అప్పుడు మీటింగులో లేచి నిలబడింది మహిమ ఒక్కతే.

మహిమది నందిగామ. విజయవాడ ల్యాబులో దేవరాజ్ గారి దగ్గర జ్వరాల ప్రాజెక్టులో పని చేస్తోంది. ఊరూరా తిరిగి రక్తం గొట్టాలు సేకరించడం, దోమల్ని పట్టడం ఆమె ఉద్యోగం. "వైరస్ లోపలి రాతని ల్యాబులో చదివిస్తున్నాను. రిపోర్టు శనివారానికి వస్తుంది. ఈ ఊరి జ్వరం దాబాదే అని తేలితే తాళం మీరెవరూ వెయ్యక్కర్లేదు, నేనే వేస్తా" అని అందరి ముందూ అనేసింది. అన్నాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆదెమ్మ చేతి పప్పుచారు ఎన్ని మధ్యాహ్నాలు తిందో ఆమెకే తెలుసు.

ఇక గేటు తీద్దాం.

గేటు మీదే కిషోర్‌బాబు గారు నవ్వుతూ, చేతులు జోడించి ఉన్నారు. అంటే పోస్టరులో. 'ప్రతి శుక్రవారం డ్రై డే. మీ ఇంట్లో నీళ్ళు నిలవ ఉన్నాయేమో చూసుకోండి' అని కింద ఎర్రక్షరాలు. అసలు మనిషి వరండాలో పేపరు చదువుతూ కూర్చున్నారు. పోస్టరులో కంటే కాస్త బొద్దుగా ఉన్నారు.

"రామ్మా మహిమా, రా. కాఫీ తాగుదువుగాని. మన తగువు మనదే, కాఫీ కాఫీయే."

మహిమకు నవ్వొచ్చింది. ఈయన్ని కోపగించుకోవడం కష్టం. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా తన కారులోనే ఆసుపత్రికి పంపిన మనిషి. తప్పు చేసినా మనస్ఫూర్తిగా చేసేస్తారు, అదే వచ్చిన చిక్కు.

"పదయింది సార్. పదకొండింటికల్లా మీ వాళ్ళు దాబాకి తాళం వేసేస్తారు. ఈ రిపోర్టు చూశాక మీరే ఫోన్ చేసి ఆపుతారని వచ్చా."

"నేను చదవడమెందుకు, నువ్వే చెప్పు. ఆ భాష నాకు రాదు."

మహిమ కాగితాలు టీపాయ్ మీద పరిచింది. బస్సులో నందిగామ నుంచి వస్తూ ఈ మాటలే వల్లె వేసుకుంది. పొద్దున్న హడావుడిలో అమ్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర పూలు సర్దుతున్న అమ్మ, "నడుం పట్టేసిందే, కళ్ళు లాగుతున్నాయి. నిన్నంతా పరీక్ష పేపర్లు దిద్దా కదా" అంటే, "ఇవాళ పడుకో అమ్మా" అనేసి బస్సుకోసం పరిగెత్తింది.

"డెంగీ వైరస్ అంటే ఒకటి కాదు సార్. నాలుగు రకాలు. ఒక్కో రకంలో మళ్ళీ బోలెడన్ని శాఖలు. మనుషులకి మల్లే వీటికీ ఇంటి పోలికలుంటాయి."

"వైరస్‌కి పోలికలా?"

"అవునండి. దాని ఒంట్లో పదివేల ఏడొందల చిల్లర అక్షరాలతో ఒక రాత ఉంటుంది. దోమలోనూ మనిషిలోనూ అది పెరిగేటప్పుడు ఆ రాతని మళ్ళీ మళ్ళీ కాపీ చేసుకుంటుంది. చేసినప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. తప్పు పడ్డది బతికి బట్టకడితే దాని పిల్లలందరికీ అదే తప్పు వస్తుంది. ఆ తప్పులు పోల్చి చూస్తే ఏది దేనికి చుట్టమో తెలుస్తుంది."

కిషోర్‌బాబు గారు ఎడమ చెవి తడుముకున్నారు. "మా తాతకి ఇక్కడ పుట్టుమచ్చ ఉండేది. మా నాన్నకుంది, నాకుంది, మా యశూకీ ఉంది. ఇలాంటిదేనా?"

"అచ్చం అదే!" అంది మహిమ సంతోషంగా. ఇంత తేలిగ్గా దేవరాజ్ గారికి కూడా చెప్పడం రాదు.

"అయితే మా ఊరి జ్వరానికీ దాబా జ్వరానికీ పుట్టుమచ్చ కలిసిందా?"

"కలవలేదు సార్. మీ ఊళ్ళో నేను తీసిన పద్నాలుగు గొట్టాల్లోనూ ఉన్నది రెండో రకం. దాబాలో ఆదెమ్మత్తకీ, డ్రైవర్లకీ వచ్చింది మూడో రకం. పుట్టుమచ్చ దాకా ఎందుకు, అసలు ఇంటిపేరే వేరు. యశస్విని పరోటా తిన్న మాట నిజం, జ్వరం మాత్రం అక్కడ అంటుకోలేదు."

"ఏ రకమైతేనేం, డెంగీ డెంగీయేగా?"

"కాదండి. మూడో రకం వచ్చి తగ్గినవాళ్ళకి మళ్ళీ మూడో రకం రాదు. రెండో రకం మాత్రం రావచ్చు. అలా రెండోసారి వేరే రకం వస్తే ఒక్కోసారి మొదటిదానికన్నా గట్టిగా పట్టుకుంటుంది. మా అమ్మకి రెండేళ్ళ కిందట మూడో రకమే వచ్చింది. ప్రాజెక్టులో ఒకటో నంబరు గొట్టం ఆవిడదే. అందుకే రకం తెలుసుకోవడం మాకు అంత ముఖ్యం."

కిషోర్‌బాబు గారు కాగితాల మీదికి వంగారు. ఓడిపోతున్నానని తెలిసినా ఆయన ముఖంలో కుతూహలమే ఎక్కువ కనిపించింది.

"సరే. మరి మా ఊరి జ్వరం ఏ ఊరి చుట్టం?"

మహిమ భయపడుతూ వచ్చిన ప్రశ్న ఇదే. కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"పోయినేడు వానాకాలంలో మేము వేరే ఊళ్ళో కొన్ని గొట్టాలు తీశాం. వాటికీ మీ ఊరివాటికీ ఐదు చోట్ల ఒకే తప్పుంది. రెండక్షరాలే తేడా. అంత దగ్గర చుట్టం ఇంకెక్కడా దొరకలేదు."

"ఏ ఊరమ్మా?"

"రెడ్డిగూడెం."

కిషోర్‌బాబు గారి కాఫీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. రెడ్డిగూడెం కాబోయే అల్లుడు నవీన్‌బాబు వాళ్ళ ఊరు. లోపలి గది గుమ్మంలో పకపకమని నవ్వు వినిపించింది. జ్వరం తగ్గి ఇంకా పల్చగా ఉన్న యశస్విని, దుప్పటి కప్పుకుని తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది.

"నాన్నా, చెక్‌పోస్టు దగ్గర దాబాకి తాళం వేయిస్తున్నావుగా! దొంగ వియ్యాలవారి ఊరి నుంచొచ్చాడు."

"నువ్వు లోపలికెళ్ళి పడుకో!" అని కసిరారు గానీ ఆయన గొంతులో పస లేదు. మహిమ వైపు తిరిగి స్వరం తగ్గించారు. "అమ్మా, పెళ్ళి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఈ మాట బయటికి పొక్కితే నా పరువేం కాను? అయినా నిశ్చితార్థానికి వాళ్ళు ముప్ఫై మంది వచ్చారు. ఒక్కళ్ళకి తుమ్ము కూడా లేదు. మూడు పూటలా సుష్టుగా తిని వెళ్ళారు. జ్వరం లేనివాళ్ళు జ్వరం ఎలా తెస్తారు?"

మహిమ కాగితాలు మళ్ళీ తిరగేసింది. పోయినేటి రెడ్డిగూడెం జ్వరం ఈ ఏటి జగ్గయ్యపేటకి మధ్యలో ఎక్కడ దాక్కుని వచ్చిందో కాగితం చెప్పదు.

"చూశావా? నీ లెక్కలో దాబా లేదు, మా వియ్యాలవారూ లేరు. మరి గాల్లో వచ్చిందా? కమిటీ వాళ్ళు నన్ను అదే అడుగుతారు. వచ్చిన దారి చూపించమ్మా, ఇక్కడే తాళం ఆపేస్తా. చూపించలేకపోతే మాత్రం..." ఆయన గోడ గడియారం వైపు చూశారు. పదీ ఇరవై.

సరిగ్గా అప్పుడు మహిమ మడమ మీద చురుక్కుమంది. వంగి చూసింది. నల్లటి కాళ్ళ మీద తెల్లటి పట్టీలు. పట్టపగలు కుట్టే దోమ, రోజూ తను సీసాల్లో పట్టే దోమే. ఆమె దాన్ని కొట్టలేదు. అది బరువుగా లేచి, వరండా దాటి, సింహద్వారం పక్కకు వెళ్ళి వాలింది.

అక్కడ ఒక ఇత్తడి గంగాళం ఉంది. ఎంత తోమారో, అందులో మన ముఖం చూసుకోవచ్చు. నిండా నీళ్ళు, నీళ్ళ మీద చామంతులు, గులాబీ రేకులు. పక్కనే పీట వేసుకుని కిషోర్‌బాబు గారి తల్లి రత్తమ్మగారు తమలపాకులు తుడుచుకుంటున్నారు. మహిమ ఈ ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. పూలకుండీలూ, కూలరూ, ఫ్రిజ్ వెనక పళ్ళెమూ అన్నీ చూసింది. ఈ గంగాళం దగ్గరకు వచ్చినప్పుడల్లా రత్తమ్మగారు, "అది రోజూ చూసుకునేదేనమ్మా, పూలు నేనే మారుస్తా" అంటే, సరేనని వెళ్ళిపోయింది.

"మామ్మగారూ, పూలు రోజూ మారుస్తారు సరే. నీళ్ళు ఎప్పుడు మారుస్తారు?"

"నీళ్ళు మార్చడమేంటి? తగ్గితే చెంబెడు పోస్తా."

"మరి శుక్రవారం డ్రై డే రోజు అన్నీ ఒంపేస్తారుగా?"

రత్తమ్మగారు కళ్ళజోడు సర్దుకుని మహిమను జాలిగా చూశారు. "శుక్రవారం పూట లక్ష్మీకళ ఉన్న నీళ్ళు ఎవరైనా వాకిట్లో పారబోస్తారా? తొట్లు ఒంపిస్తా, కుండీలు ఒంపిస్తా, మా అబ్బాయి ఆర్డరాయె! ఇది మాత్రం ముట్టుకోనివ్వను."

"పోనీ శనివారం?"

"శనివారం ఇత్తడి కదపను."

"ఆదివారం?"

"ఆదివారం పనిమనిషి రాదు. ఇంత బరువు నేను ఎత్తనా?"

యశస్విని దుప్పట్లో ముఖం దాచుకుని నవ్వుతోంది. కిషోర్‌బాబు గారు ఒకసారి గేటు మీద తన పోస్టరు వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నారు. జిల్లాలో ఎవరి ఇంటికైనా వెళ్ళి నీళ్ళతొట్టి తన్నగల మనిషి, తన గుమ్మం పక్కనున్నదాన్ని రెండు నెలలుగా దాటుకుంటూ తిరిగారు.

మహిమ పీట పక్కన కూర్చుంది. "ఇది ఎక్కడిది మామ్మగారూ?"

"మా వియ్యపురాలు తెచ్చింది. నిశ్చితార్థంనాడు. వాళ్ళ ఇంటి ఆనవాయితీ. నాలుగు తరాల నాటి ఇత్తడి. కొత్తకోడలు అడుగు పెట్టేదాకా నీళ్ళు నిండుగా ఉండాలంట."

"రెడ్డిగూడెం నుంచి," అంది మహిమ నెమ్మదిగా.

కిషోర్‌బాబు గారు లేచి నిలబడ్డారు.

"మీ మాట నేను కాదనను మామ్మగారూ. పారబోయొద్దు. ఒక్క గ్లాసెడు నీళ్ళు తీసుకోనివ్వండి. చూసి మళ్ళీ పోసేస్తా."

ఒక్క గ్లాసుకి ఏ వారమూ అడ్డు రాలేదు. యశస్విని లోపల్నుంచి గాజుగ్లాసు తెచ్చిచ్చింది. మహిమ పూలు పక్కకు జరిపి, గ్లాసు ముంచి, ఎండకు ఎత్తి పట్టింది. నీళ్ళల్లో సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు పది పదిహేను, తలకిందులుగా వేలాడుతూ, గిలగిలా మెలికలు తిరుగుతూ కిందికీ మీదికీ ఈదుతున్నాయి.

"ఏంటివి?" అన్నారు రత్తమ్మగారు కళ్ళజోడు ముక్కు మీదకు దించి.

"దోమ పిల్లలండి. ఇంకో మూడు రోజుల్లో రెక్కలొస్తాయి."

"నా లక్ష్మీకళలోనా!"

ఎనభయ్యేళ్ళ మనిషి అంత చప్పున లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "ఒరేయ్ కిషోరూ! చూస్తావేంటి దిక్కులు, ఒంచు! శనివారం లేదు గినివారం లేదు, ముందు ఒంచు!"

అధ్యక్షులవారు పంచె ఎగ్గట్టి, గంగాళాన్ని వాకిట్లో ఎండ తగిలే చోటికి దొర్లించి, బోర్లించారు. నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోయాక మహిమ ఫోను లైటు వేసి లోపలికి చూసింది. మెడ కింద, తోమే చెయ్యి అందని వంపులో, నల్లటి నూకలాంటిది వరసగా అంటుకుని ఉంది. వేలితో తీసి అందరికీ చూపించింది.

"ఇవీ గుడ్లు. నీళ్ళు ఎండిపోయినా చావవు. ఆర్నెల్లు, ఏడాది కూడా గోడకి అంటుకుని పడి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగిలాయంటే లేస్తాయి. తల్లిదోమ ఒంట్లో వైరస్ ఉంటే, ఒక్కోసారి అది గుడ్లలోకీ వస్తుంది. ఎప్పుడూ రాదు, అరుదు. కానీ వస్తుంది."

రత్తమ్మగారు నుదురు కొట్టుకున్నారు. "వియ్యపురాలు చెప్పనే చెప్పింది, నేనే పట్టించుకోలా. పోయినేడు వానలన్నీ అది మామిడితోటలో నిండి పడుంటే, తర్వాత తీసి అటకెక్కించారంట. మన పెళ్ళికని దించి మెరుగు పెట్టించారంట. పైపైన!"

రెండక్షరాల తేడాకు దారి దొరికింది. జ్వరం లేని వియ్యాలవారి కారు డిక్కీలో, పట్టుగుడ్డ చుట్టుకుని, జ్వరం దర్జాగా వచ్చింది. వచ్చి, పెళ్ళికూతుర్నే మొదట కుట్టింది. మిగతాది ఈ వీధి దోమలు చూసుకున్నాయి. ఆనందంతో మహిమకు కళ్ళు చెమ్మగిల్లాయి. గుడ్లు కొన్ని సీసాలోకి తీసుకుంది. ల్యాబులో చూసి ఖాయం చేసుకోవాలి గానీ, తాళం ఆపడానికి ఇది చాలు.

కిషోర్‌బాబు గారు తడి పంచెతోనే ఫోన్ తీశారు. ముందు కమిటీ వాళ్ళకు చేసి, "తాళం వెనక్కి తెచ్చెయ్యండి. తీర్మానం రద్దు. తప్పు నాది, సాయంత్రం మీటింగులో నేనే చెప్తా" అన్నారు. తర్వాత ఆదెమ్మకు చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

"ఆదెమ్మా, నేను కిషోర్‌బాబుని. నీ దాబా నువ్వు నడుపుకో. జ్వరం మా ఇంట్లోనే ఉందమ్మా, మా గుమ్మం పక్కనే. నిన్ను అనవసరంగా అల్లరి పెట్టా. మనసులో పెట్టుకోకు."

అటువైపు గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆదెమ్మ గొంతు లారీ హారన్‌లా మోగింది. "నిజమేనా బాబుగారూ? తాళం పట్టుకుని మీ వాళ్ళు ఇక్కడే ఉన్నారు, టీ తాగుతున్నారు! ఈ లొల్లి పోయింది, నాకంతే చాలు. పెళ్ళికి పరోటాలు నా వంతు, కాదంటే ఊరుకోను! మహిమ ఉందా అక్కడ? బంగారు తల్లీ, మధ్యాహ్నం అన్నానికి రావే!"

"వస్తా అత్తా," అంది మహిమ నవ్వుతూ, ఏడుస్తూ. "కానీ ఆ టైర్లు సాయంత్రానికల్లా ఎత్తించెయ్. నీ మూడో రకం దోమలు నీ దగ్గరున్నాయి. నిన్ను వదిలేశాననుకోకు."

"ఎత్తిస్తాలే పోలీసమ్మా!"

యశస్విని చప్పట్లు కొట్టింది. కిషోర్‌బాబు గారు గేటు దగ్గరికి వెళ్ళి తన పోస్టరును కాసేపు చూసి, అంచు పట్టుకుని చించబోయి, మళ్ళీ ఆగి, "ఉండనీలే, ఇకనుంచి నేనూ చదువుకుంటా" అన్నారు. ఆ మాటకు అందరికన్నా ముందు నవ్వింది రత్తమ్మగారే.

మహిమ కాగితాలు సర్దుకుంది. దాబా నిలబడింది, తన మాట నిలబడింది, కడుపులో ఆకలి కూడా మొదలైంది. చెప్పులు వేసుకుంటుంటే, బోర్లించిన గంగాళాన్ని చీపురుపుల్లలతో గీకిస్తూ రత్తమ్మగారు తనలో తను అనుకున్నట్టుగా అన్నారు.

"దీన్ని కడిగించాం సరే. దీని జతని ఎవరు కడుగుతారో ఏమో."

"జతేంటి మామ్మగారూ?"

"గంగాళం ఒంటరిగా ఇవ్వరమ్మా, జతగా ఇస్తారు. ఒకటి పెళ్ళికూతురి గుమ్మంలోకి. రెండోది పిల్లకి అఆలు దిద్దించిన పంతులమ్మ గుమ్మంలోకి. అదీ వాళ్ళ ఆనవాయితీయే. రెండూ ఒక అటక మీదివే. యశూ చిన్నప్పుడు నందిగామలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర చదివిందిగా, అక్కడి టీచరుకి కారులో పంపించాం. రోజారమణి గారని, మంచి మనిషి."

రోజారమణి మహిమ వాళ్ళమ్మ పేరు.

'పాత స్టూడెంటు పెళ్ళికబురుతో పంపిందే, ఎంత బావుందో చూడు' అని అమ్మ రెండు నెలల కిందట అన్నప్పుడు, తను దోమల సీసాలకు చీటీలు అంటిస్తూ ఊఁ కొట్టింది. ప్రతి శుక్రవారం తను ఊళ్ళమీద పడి అందరి తొట్లూ ఒంపిస్తుంది. ప్రతి శుక్రవారం అమ్మ ఉపవాస ప్రార్థనకు చర్చికి వెళ్తుంది. ఆ ఇంట్లో శుక్రవారం ఎవరూ ఉండరు. పొద్దున్న గుమ్మం పక్కన అమ్మ సర్దుతున్న పూలు దేనిలో వేస్తోందో తను తలతిప్పి చూడనైనా లేదు.

నడుం నొప్పి. కళ్ళు లాగడం. ఒకటో నంబరు గొట్టం, మూడో రకం. ఈ గంగాళాలతో వచ్చింది రెండో రకం.

అమ్మకి ఫోన్ కలిపింది. నాలుగు రింగుల తర్వాత అమ్మ ఎత్తింది. గొంతు నీరసంగా ఉన్నా, ఎప్పటిలాగే నవ్వుతోంది.

"కంగారు పడకే, ఒళ్ళు కాస్త కాలుతోంది, అంతే. లోపల ఉక్కగా ఉంటే వాకిట్లోకొచ్చి మన గంగాళం పక్కన కుర్చీ వేసుకున్నా. నీళ్ళ చల్లదనానికి ప్రాణం హాయిగా ఉంది. ఈ దోమలే, పట్టపగలు కూడా వదలడం లేదు."